లేజర్ గదిలో పది నిమిషాలు, ఇంట్లో మూడు వారాలు

(కర్నూలులో ఒక కాలనీ వాళ్లు ఆదివారం ఉదయం ఏర్పాటు చేసుకున్న ఆరోగ్య సమావేశంలో, చర్మవ్యాధుల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక నర్సు మాట్లాడిన మాటలకు అక్షరరూపం.)

అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. పదకొండు దాటితే మన కర్నూలు ఎండలో ఇళ్లకు పోవడం కష్టం. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. పులిపిరికి లేజర్ చేయించుకున్నాక ఇంట్లో ఏం చేయాలో చెప్తాను.

నేను ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కట్లు కట్టే గదిలోనే గడిచింది. డాక్టర్లు లేజర్ చేసే పది నిమిషాలు చూస్తారు. ఆ తర్వాత వచ్చే రోజులను నేను చూశాను. మూడో రోజు వచ్చేవాళ్లు, పదో రోజు వచ్చేవాళ్లు, రమ్మన్న రోజు రాకుండా నెల తర్వాత చీము పట్టిన కాలుతో వచ్చేవాళ్లు. పులిపిరి సంగతి లేజర్ గదిలో సగమే తేలుతుంది. మిగతా సగం మీ స్నానాల గదిలో, మీ వంటింట్లో, మీ భార్యాభర్తల మధ్య తేలుతుంది. ఈ రెండో సగం గురించి చెప్పేవాళ్లు తక్కువ. చీటీ మీద మందు రాసి, "వారం తర్వాత రండి" అంటారు. బయట నలభై మంది కూర్చుని ఉంటే వాళ్లు మాత్రం ఎంతసేపని చెప్తారు? అందుకే ఈ రోజు నేను వచ్చాను.

పులిపిరి అంటే ఏమిటో ముందు రెండు మాటల్లో చెప్తాను. అది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. చేతివేళ్ల మీద గరుకుగా వచ్చేవి కొన్ని రకాలవి, అరికాల్లో వచ్చేవి కొన్ని, ముఖం మీద చదునుగా వచ్చేవి కొన్ని, మర్మావయవాల దగ్గర వచ్చేవి ఇంకొన్ని. ఏ రకమైనా అది చర్మం పైపొరలోనే కాపురం చేస్తుంది. రక్తంలో తిరగదు. "రక్తం చెడిపోయింది సిస్టర్, అందుకే వచ్చాయి" అని నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. రక్తం చెడలేదమ్మా. చర్మం మీద కంటికి కనపడనంత చిన్న గీత పడితే, అందులోంచి వైరస్ దూరింది. అంతే.

చిన్నపిల్లలకు వచ్చినవి చాలావరకు రెండేళ్లలో వాటంతట అవే పోతాయి. గుడిలో ఉప్పు, మిరియాలు ఇస్తామని మొక్కుకుంటే పోయాయని మన జేజమ్మలు చెప్పేవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే పోయాయి. ఒంటికి ఉన్న రోగనిరోధక శక్తి వైరస్‌ను గుర్తుపట్టిన రోజున అవి రాలిపోతాయి. మొక్కు వల్ల ఎవరికీ గాయం కాలేదు. గాయాలైంది సున్నం, సోడా కలిపి పెట్టినందువల్ల. నల్లజీడి రసం, జిల్లేడు పాలు పెట్టినందువల్ల. గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టి, సగం తెగి, చీము పట్టినందువల్ల. ఆ పుండ్లకు నేను కట్లు కట్టాను. పులిపిరి అంగుళంలో పావువంతు ఉంటే మచ్చ అంగుళమంత మిగిలింది.

ఇక లేజర్. పులిపిర్లకు మన దగ్గర ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీన్ని 1964లో కనిపెట్టింది మన దేశంలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అనే శాస్త్రవేత్త. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ కనిపెట్టాడు. ఆ కిరణం కంటికి కనపడదు. మీకు కనపడే ఎర్రచుక్క గురి చూసుకోవడానికి పెట్టిన, చర్మాన్ని కాల్చని వెలుతురు మాత్రమే. అసలు కిరణాన్ని నీరు పీల్చుకుంటుంది. మన చర్మకణాల నిండా ఉండేది నీరే కదా, అది క్షణంలో ఆవిరైపోతుంది, దాంతోపాటు కణమూ పోతుంది. అలా పొర తర్వాత పొర తీస్తారు. ముందు మత్తు సూది వేస్తారు. అరికాల్లో ఆ సూది గట్టిగానే నొప్పి పెడుతుంది, నొప్పి ఉండదని నేను చెప్పను. ఆ అర నిమిషం ఓర్చుకుంటే తర్వాత తెలియదు. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పొగ వస్తుంది. ఆ పొగలో వైరస్ తాలూకు అంశం ఉంటుందని పరీక్షల్లో తేలింది. అందుకే డాక్టరు, నర్సు మాస్కులు కట్టుకుంటారు, పొగను లాగే గొట్టం పక్కన పెడతారు. ఒకావిడ అది చూసి, "నన్ను అంటుకోవడానికి కూడా అసహ్యమా" అని ఏడ్చింది. ఆ రోజు నుంచి మాస్కు కట్టుకునే ముందే ఎందుకు కట్టుకుంటున్నానో చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఇంటికి వచ్చారు. కొన్ని గంటల్లో మత్తు దిగుతుంది. మంట మొదలవుతుంది. డాక్టరు రాసిన నొప్పి మాత్ర మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోండి. చాలామందికి పారాసెటమాల్ సరిపోతుంది. కాలికి చేయించుకుంటే ఆ రోజంతా కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోండి. కట్టు మీద రక్తం ఊరితే, శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు ఆపకుండా నొక్కిపట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. అందరూ చేసే తప్పు అదే. రెండు నిమిషాలకోసారి ఎత్తి చూస్తారు, గడ్డకట్టబోయే రక్తం మళ్లీ కదిలిపోతుంది. అంతసేపు నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి రావాలి.

మరుసటి రోజు కట్టు విప్పాలి. అతుక్కుపోయి ఉంటే లాగకండి, గోరువెచ్చని నీళ్లతో తడిపితే అదే వదులవుతుంది. లోపల చిన్న గుంట కనపడుతుంది. చుట్టూ ఎరుపు, అక్కడక్కడా నలుపు. చూసి భయపడకండి. మామూలు సబ్బు, శుభ్రమైన నీళ్లతో కడగండి. కడిగితే పుండు చెడుతుందని వారం రోజులు నీళ్లు తగలనివ్వని వాళ్లు ఉన్నారు. చెడగొట్టేది మురికి. తర్వాత మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు, ఏమీ రాయకపోతే వాజెలిన్, పలచగా రాసి పైన గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ వేయండి. రోజుకు రెండుసార్లు. స్పిరిట్ వద్దు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. అవి క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా చంపుతాయి. పసుపు వద్దు, కాఫీ పొడి వద్దు.

"గాయానికి గాలి తగలాలి, ఆరాలి, పక్కు కట్టాలి" అని మా అమ్మ కూడా అనేది. నేను చదువుకునేటప్పుడు మాకూ దాదాపు అదే నేర్పారు. కానీ 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పరీక్ష చేసి చూపించాడు. గాలికి వదిలేసి పక్కు కట్టిన గాయం కంటే, తేమ పోకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. గట్టి పక్కు కింద కొత్త చర్మానికి దారి ఉండదు, అది కిందికి దిగి చుట్టూ తిరిగి రావాలి. వాజెలిన్ రాసి కప్పితే నేరుగా పాకుతుంది. తేమ అంటే చెమటలో నానిపోవడం కాదు, అది గుర్తుంచుకోండి. మన ఏప్రిల్, మే నెలల్లో కట్టు చెమటతో తడిస్తే, వేళ కాకపోయినా మార్చేయాలి.

రెండో రోజో, మూడో రోజో గాయం మీద పసుపుపచ్చని పొర వస్తుంది. దాన్ని చూసి చీము అనుకుని గోటితో గీకినవాళ్లు చాలామంది. అది చీము కాదు. గాయం మానే పనిలో ఒంట్లోంచి ఊరిన రసం అలా పొరకడుతుంది. గీకితే మొదటి రోజుకు వెనక్కి వెళ్తారు. మరి నిజంగా చెడితే ఎలా తెలుస్తుంది? నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడో రోజు తర్వాత పెరిగితే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, దుర్వాసనతో చీము కారితే, జ్వరం వస్తే, గాయం నుంచి పైకి ఎర్రని గీతలా కనిపిస్తే, ఆ రోజే రావాలి. వారం తర్వాత రమ్మన్నారని వారం దాకా ఆగకూడదు.

పథ్యం గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. పప్పు తింటే చీము పడుతుందని పప్పు మానేస్తారు. గుడ్డు మానేస్తారు. వంకాయ, మాంసం, చెనక్కాయలు అన్నీ మానేసి చారన్నం తింటారు. కొత్త చర్మం దేనితో తయారవుతుంది? మాంసకృత్తులతోనే కదా. పప్పు తినండి, గుడ్డు తినండి, సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి వేసుకోండి. ముఖ్యంగా ఆడవాళ్లు. పురుడైనా, ఆపరేషన్ అయినా, గాయమైనా ముందు మన ఆడవాళ్ల కంచంలోంచే కూర తీసేస్తారు.

ముఖం మీద, చేతుల మీద రెండు వారాల్లోపు చాలావరకు మానుతుంది. అరికాల్లో మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. ఎందుకంటే ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది.

ఇక్కడ ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒకాయన గురించి చెప్పాలి. మగ్గం నేసే మనిషి. గుంట మగ్గంలో కూర్చుని వట్టి కాళ్లతో చెక్కలు తొక్కుతాడు. కుడి అరికాల్లో పులిపిరి. ఆయన దాన్ని ఆనెకాయ అనుకుని రెండేళ్లు బ్లేడుతో కోసుకున్నాడు. అదే బ్లేడుతో పక్కన ఇంకో చోట గీరడంతో అక్కడా వచ్చాయి. ఆనెకు, పులిపిరికి తేడా మీరూ తెలుసుకోవచ్చు. ఆనెను నేరుగా పైనుంచి నొక్కితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే నొప్పి. పులిపిరిలో నల్లని చుక్కలుంటాయి, అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. సరే, ఆయనకు లేజర్ చేశారు. నాలుగో రోజు వచ్చాడు. కట్టు నల్లగా ఉంది, లోపల నూలు దుమ్ము. మరుసటి రోజే మగ్గం ఎక్కాడు. నేను కోప్పడ్డాను. ఆయన నిదానంగా, "పడుగు మగ్గం మీద ఉంది సిస్టర్, చీర దిగకుంటే మాకు కూలి రాదు" అన్నాడు. పడుగు అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు దారాలు. నా దగ్గర సమాధానం లేదు. తప్పు ఆయనది కాదు. "మీ పనేమిటి, ఎప్పుడు ఖాళీ దొరుకుతుంది" అని ముందు అడగని మాది.

ఆ గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. పక్కన మిగిలిన పులిపిర్లకు రెండోసారి చేయాల్సి వచ్చినప్పుడు, పాత పడుగు అయిపోయి, కొత్త పడుగు ఎక్కించే ముందు రమ్మన్నాం. ఆయన ఆ రోజుల్లో కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చున్నాడు, నేత పని తమ్ముడు చూసుకున్నాడు. నాలుగు వారాల్లో మానింది. అందుకే మీకు చెప్తున్నాను, లేజర్ తేదీ మీ పనిని బట్టి పెట్టించుకోండి. చెనక్కాయ పీకే రోజుల్లో వద్దు. ఇంట్లో పెళ్లికి పది రోజుల ముందు ముఖానికి వద్దు. అడగడానికి మొహమాటపడకండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ అరికాళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. నొప్పి లేదంటే బాగుందని అర్థం కాదు. రోజూ అద్దం కింద పెట్టుకుని చూసుకోండి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి. లేజర్‌కు ముందే షుగర్ ఉందని చెప్పండి. మందుల షాపులో అమ్మే ఆనెకాయ పట్టీలు మీరు వాడకూడదు, వాటిలో ఉండే ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

మానిన తర్వాత మచ్చ. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మానికి నల్లమచ్చ పడటం సహజం. కొందరికి తెల్లగా కూడా ఉంటుంది. చాలావరకు కొన్ని నెలల్లో కలిసిపోతుంది. ఎండ తగిలితే ఆ నలుపు పాతుకుపోతుంది. ముఖానికి చేయించుకున్నవాళ్లు కొంగో, టోపీయో, గొడుగో లేకుండా బయటికి రాకండి. గాయం మూసుకున్నాక సన్‌స్క్రీన్ రాయండి. పక్కు ఉంటే దానంతట అది రాలాలి.

"మళ్లీ వస్తుందా?" ఇది అందరూ అడుగుతారు. రావచ్చు. లేజర్ కంటికి కనపడే పులిపిరిని తీస్తుంది. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ కొంత మిగిలి ఉండొచ్చు. మొదటి మూడు నెలల్లో ఎక్కువగా కనపడతాయి. అందుకే ఆ మూడు నెలలు ఆ చోటును గమనించండి. మళ్లీ కనపడితే, చిన్నదిగా ఉన్నప్పుడే ఆసుపత్రికి వస్తే తీయడం తేలిక. మళ్లీ వచ్చిందంటే డాక్టరు మోసం చేశాడనో, మీరు పాపం చేశారనో కాదు. మీ తువ్వాలు మీరే వాడుకోండి. గడ్డం గీసే చోట పులిపిర్లుంటే రేజరు ఆ దారంతా విత్తనాలు చల్లినట్టు చల్లుతుంది, మానేదాకా కత్తెరతో కత్తిరించుకోండి. నలుగురూ వాడే స్నానాల గదుల్లో, హాస్టళ్లలో చెప్పులు వేసుకోండి. గోళ్లు కొరకొద్దని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు, ఈ హాలులో అందరూ వినాల్సిన మాట. మగవాళ్లు లేచి వెళ్లొద్దు, దయచేసి కూర్చోండి.

మర్మావయవాల దగ్గర, మలద్వారం చుట్టూ కూడా పులిపిర్లు వస్తాయి. పదింటిలో తొమ్మిది 6, 11 అనే రెండు రకాల వైరస్ వల్ల వస్తాయి. వీటికీ లేజర్ చేస్తారు. గర్భిణులకు కూడా చేయవచ్చు. రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతుంది. మూత్రం తగిలితే మంట పుడుతుంది. అప్పుడు నీళ్లు పోసుకుంటూ మూత్రానికి కూర్చోండి. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. మలబద్ధకం రానివ్వకండి, నీళ్లు బాగా తాగండి. వదులుగా ఉండే నూలు బట్టలు కట్టుకోండి. గాయం పూర్తిగా మాని, డాక్టరు చూసి సరే అనేదాకా భార్యాభర్తలు కలవకూడదు. తర్వాత కొన్నాళ్లు కండోమ్ వాడాలి. అది పూర్తి రక్షణ కాదు కానీ చాలావరకు తగ్గిస్తుంది.

నా ఉద్యోగంలో నాకు ఇప్పటికీ గుచ్చుకునే సంగతి ఒకటుంది. పెళ్లై ఏడాదిన్నర అయిన ఒక అమ్మాయి లేజర్ చేయించుకుని కట్టుకు వచ్చేది. మూడుసార్లు వచ్చింది. ఎప్పుడూ వాళ్ల అమ్మతోనే. నేను కడిగి, మందు రాసి, పంపించేశాను. ఏమీ అడగలేదు. బయట ఇరవై మంది ఉన్నారని తొందర. తర్వాత తెలిసింది, భర్త ఆమెను అనుమానించి పుట్టింట్లో వదిలేశాడని. "నాకు లేదు, నీకెలా వచ్చింది" అన్నాడట. ఆ మూడుసార్లలో ఒక్కసారి నేను, "మీ ఆయన్ని తీసుకురామ్మా, మాట్లాడతాం" అని ఉంటే! ఆ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

అందుకే ఇప్పుడు చెప్తున్నాను, వినండి. ఈ వైరస్ ఒంట్లోకి వచ్చాక పులిపిరి బయటపడటానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, కొందరిలో ఏళ్లు పట్టొచ్చు. వైరస్ ఉండి పులిపిరి అసలు రానివాళ్లే ఎక్కువ. కాబట్టి ఎవరికి ముందు కనపడిందో వాళ్లే తెచ్చారని చెప్పడానికి వీల్లేదు. పెళ్లికి ముందునుంచీ మగవాడిలో ఉండి, ఏ గుర్తూ లేకుండా భార్యకు వచ్చి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పరీక్ష ఏదీ లేదు. నిందించడానికి ఆధారమే లేదు. చేయాల్సింది ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకోవడం.

క్యాన్సర్ భయం కూడా ఉంటుంది. హెచ్‌పీవీ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుందని కనిపెట్టినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మనీ శాస్త్రవేత్తకు 2008లో నోబెల్ వచ్చింది. కానీ ఆ క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే రకాలు 16, 18. పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు అలాంటివి కావు. అయితే ఒక రకం ఉన్నచోట ఇంకోటి ఉండకూడదని లేదు. అందుకని పులిపిర్లు ఉన్నా లేకపోయినా 30 దాటిన ప్రతి ఆడమనిషీ ఆ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ఆడపిల్లలకు తొమ్మిదేళ్లు నిండినప్పటి నుంచి హెచ్‌పీవీ టీకా వేయించవచ్చు. మన దేశంలోనే తయారైన సర్వావాక్ అనే టీకా 2023లో వచ్చింది, ఈ నాలుగు రకాల మీదా పనిచేస్తుంది. ఇప్పటికే ఉన్న పులిపిరిని టీకా పోగొట్టదు, రాబోయే దాన్ని ఆపుతుంది.

సమయం అయిపోయింది. ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగలేని వాళ్లు ఉంటారని నాకు తెలుసు. ఈ హాలు వెనక చిన్న గది అడిగి తీసుకున్నాను. గ్లౌజులు, టార్చిలైటు, భూతద్దం తెచ్చాను. ముందు ఆడవాళ్లు రండి, ఒక్కొక్కరే. తర్వాత మగవాళ్లను చూస్తాను. అరికాలు చూపించుకునేవాళ్లు బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని రండి, దుమ్ము ఉంటే ఆ నల్లచుక్కలు నాకు కనపడవు.